మెడ తిప్పితే ఏ రంగు దాకా

నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళందరికీ ఒక సంగతి తెలుసు. కుట్టిన జాకెట్టు కాగితంలో చుట్టి చేతిలో పెట్టి పంపించెయ్యడం నా దగ్గర ఉండదు. లోపలి గదిలోకి వెళ్ళి తొడుక్కోవాలి. అటక మీంచి డబ్బా దించుతున్నట్టు చేతులు రెండూ పైకెత్తాలి. ఇల్లు తుడుస్తున్నట్టు ముందుకు వంగాలి. అప్పుడు ఎక్కడ పట్టిందో, ఎక్కడ వదులైందో నాకు చెప్పాలి. "బాగుందమ్మా" అంటే ఒప్పుకోను. బాగుందనే మాట టైలరుకి ఎందుకూ పనికిరాదు. నా ముందు బాగుందని నవ్వేసి, ఇంటికెళ్ళి ఇంకొకరి చేత కుట్లు విప్పించుకున్నవాళ్ళని నేను ఎరుగుదును. ఈ పట్టుదల చూసి కొందరు నన్ను గయ్యాళి అనేవారు. అన్నవాళ్ళే నాతవరం నుంచీ, చీడికాడ నుంచీ బస్సెక్కి మళ్ళీ నా గుమ్మంలోకే వచ్చేవారు.

అలాంటిదాన్ని, నా మెడ సంగతి వచ్చేసరికి నెలన్నర పాటు "బాగుంది" తప్ప ఇంకో మాట చెప్పలేదు. ఆ మాట నమ్మింది ఎక్కడో పూనాలో కంప్యూటర్ ముందు కూర్చున్న ఒక పిల్ల. ఇదంతా రాస్తున్నది ఆ పిల్ల గురించే.

రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన ఆ పదేళ్ళూ ముగియవస్తున్న రోజులవి. అనకాపల్లిలో బెల్లం సీజనూ పెళ్ళిళ్ళ సీజనూ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. చెరకు బళ్ళు రోడ్డెక్కాయంటే మా వసారాలో బట్టల సంచులు పేరుకున్నట్టే. ఆ ఏడు మా చర్చి సంఘంలోనే మూడు పెళ్ళిళ్ళు. పెళ్ళికూతురి తెల్ల జాకెట్టు, తల మీద కప్పే పల్చటి ముసుగు వెయిలు, వెయిలు అంచుకి లేసు, అన్నీ నావే. లేసు మిషను మీద కుట్టను. చేత్తోనే కుడతాను. అంటే గంటలకొద్దీ తల వంచుకుని కూర్చోవడం.

మొదట మెడ పట్టిందనుకున్నాను. తలగడ మార్చాను. నువ్వుల నూనె రాయించుకున్నాను. ఇసుక వేయించి మూటకట్టి కాపడం పెట్టాను. నొప్పి నా మాట వినలేదు. కుడి భుజం మీదుగా మోచెయ్యి దాకా దిగింది. తరవాత బొటనవేలూ చూపుడువేలూ తిమ్మిరెక్కడం మొదలుపెట్టాయి. ఒకరోజు వెయిలుకి లేసు కుడుతున్నాను. తెల్ల గుడ్డ మీద ఎర్రచుక్క కనిపించింది. ఇదెక్కడిదా అని చూస్తే సూది నా వేలికే గుచ్చుకుని ఉంది. గుచ్చుకున్న సంగతి నాకు తెలియనే లేదు. ఆ రోజు భయపడ్డాను. నా జన్మలో సూదికి భయపడటం అదే మొదలు.

ఊళ్ళో డాక్టరుగారు ఎక్స్‌రే దీపానికి అడ్డంగా పెట్టి చూసి, "మెడ ఎముకలు అరిగాయమ్మా. పట్టీ వేసుకో. మిషను మానెయ్," అన్నారు. ఆ చివరి మాట మందులచీటీ రాస్తూ తల ఎత్తకుండానే అనేశారు. కూర మానెయ్, కాఫీ మానెయ్ అన్నట్టు. మా నాన్న పోయాక మా అమ్మనీ నన్నూ నిలబెట్టింది ఆ మిషనే. పద్దెనిమిదో ఏట దాని ముందు కూర్చున్నాను, నలభై రెండు వచ్చినా లేవలేదు. మా వీధిలో ఎవరైనా దారి అడిగితే మా ఆయన పేరు చెప్పరు. టైలరమ్మగారి ఇల్లనే చెబుతారు. మిషను మానేస్తే ఆ ఇంట్లో ఎవరున్నట్టు? నొప్పికి మిషను ఆపక తప్పలేదు గానీ, ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. నేను మళ్ళీ మిషనెక్కుతానా లేదా అన్నదే ఆ ఏడాదంతా నా బెంగ.

మా ఆయన ఊరుకోక విశాఖపట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ ఫిజియోథెరపీ గదిలో కనిపించింది ఆ పిల్ల. ఇరవై ఏడేళ్ళు ఉంటాయేమో, విజయనగరం వైపు మనిషి. నా వెనక నిలబడి, బజార్లో నేను గుడ్డ నాణ్యం చూసినట్టు రెండు వేళ్ళతో మెడ నరాలు పట్టి చూసింది. నేను ఏమీ చెప్పకముందే, "ఇక్కడ కదా? కిందికి ఇలా లాగుతోంది కదా?" అంది. ఎక్స్‌రే చూసిన డాక్టరు కంటే ఆ వేళ్ళు ఎక్కువ చూశాయి. పని తెలిసిన చెయ్యి మీద పడితే మనిషికి తెలిసిపోతుంది. నాకు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు, ఆ చెయ్యి చూసి.

నాలుగోసారి వెళ్ళినప్పుడు తల అడ్డంగా ఊపింది.

"నేను ఇక్కడ సర్దింది మీ గంటన్నర బస్సు కుదుపులు పాడుచేస్తున్నాయి అక్కా. పైగా వచ్చే వారం నుంచి నేనూ ఇక్కడ ఉండను. మా ఆయన ఉద్యోగం పూనాలో. వెళ్ళిపోతున్నాను."

నా మొహం ఎలా అయిపోయిందో ఏమో, వెంటనే అడిగింది: "మీ ఇంట్లో కంప్యూటర్ ఉందా?"

"ఉంది. దానికీ నా మెడకీ ఏటమ్మా సంబంధం?"

"ఏడాదిన్నరగా నేనూ మా ఆయనా కంప్యూటర్‌లోనే కాపురం చేస్తున్నాం. ఆయన దగ్గు వింటే జ్వరమో కాదో చెప్పేస్తాను. మీ మెడ చూడలేనా?"

అలా కుదిరింది. మా ఆయన పరవాడలో ఫార్మా కంపెనీలో పనిచేసేవాడు. పొద్దున్న కంపెనీ బస్సెక్కి, సాయంత్రం ఆరింటికి దిగేవాడు. ఆయనకి యంత్రాల పిచ్చి. కంప్యూటర్ కొని, నా కుట్టుగదిలోనే పెట్టాడు, టెలిఫోను తీగ ఆ గదిలోకే వచ్చింది కాబట్టి. అప్పటిదాకా అది పాటలు వినిపించడం తప్ప చేసిన పని లేదు. దుమ్ము పడకుండా దానికి పూలగుడ్డతో తొడుగు కుట్టి వేశాను నేను. ఇప్పుడు దానికి బొటనవేలంత కెమెరా ఒకటి తెచ్చి తగిలించాడు. వారానికి రెండుసార్లు, సాయంత్రం ఆరున్నరకి నా వైద్యం.

మా ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా ప్రార్థనతోనే. కంప్యూటర్ వైద్యానికి మాత్రం మినహాయింపు ఎందుకుంటుంది? మొదటిరోజు తెరలో ఆ పిల్ల మొహం కనిపించగానే నేను కొంగు తల మీదికి లాక్కున్నాను, మా ఆయన లేచి నిలబడి ప్రార్థన ఎత్తుకున్నాడు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. ఆ పిల్ల ఒక్క క్షణం బిత్తరపోయి, తనూ చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. ఆ తరవాత ఎప్పుడూ మా ప్రార్థన అయ్యేదాకా నోరు విప్పలేదు. తన వెనక గోడ మీద ఉన్న దేవుడు వేరైనా మా దేవుడికి ఇచ్చిన మర్యాద అది.

వ్యాయామాలు చూస్తే చిన్నవే. గడ్డం మెడలోకి లాక్కోవడం, ఎవరైనా అనరాని మాట అంటే మనం వెనక్కి తగ్గినట్టు. అరచెయ్యి నుదుటికి ఆనించి, తల ముందుకీ చెయ్యి వెనక్కీ తోసుకోవడం. భుజాలు రెండూ వీపు మీద కలిపి పట్టుకోవడం. తను చెయ్యలేని పని మా ఆయన చేతులతో చేయించేది. "అన్నయ్యా, మీ చూపుడువేలు అక్క మెడ ఎముక పక్కన పెట్టండి. ఇంకొంచెం కిందికి. అక్కడ గట్టిగా తగిలిందా? నొక్కకండి, ఊరికే ఉంచండి." రసాయనాల డ్రమ్ములు దొర్లించే మా ఆయన చెయ్యి ఆ పిల్ల మాటకి పసిపిల్లని పట్టుకున్నట్టు మెత్తబడిపోయేది. ఇరవయ్యేళ్ళ కాపురంలో నేను చేయించలేని పని అది.

ఇబ్బందులు లేకపోలేదు. బొమ్మ మధ్యలో ఆగిపోయేది. ఒకసారి "ఐదు లెక్కపెడతాను, అలాగే పట్టి ఉంచండి. ఒకటి, రెండు, మూడు" అని ఆగిపోయింది. వదిలెయ్యమని ఆవిడ చెప్పలేదు కదా అని నేను నుదుటికి చెయ్యి ఆనించుకుని అలాగే కూర్చున్నాను. చివరికి కరెంటు పోయి నన్ను కాపాడింది. మా ఆయన ఆ నెలంతా కంపెనీ బస్సులో అందరికీ ఈ కథ చెప్పి నవ్వించాడు.

అసలు పొరపాటు కంప్యూటర్‌ది కాదు, నాది.

ప్రతిసారీ మొదట ఆ పిల్ల అడిగేది, "ఎలా ఉంది అక్కా?" అని. నేను, "దేవుని కృపవల్ల బాగుందమ్మా," అనేదాన్ని. మా వాళ్ళలో ఎలా ఉన్నావని అడిగితే చెప్పే జవాబు అదొక్కటే. జ్వరంలో ఉన్నా అదే, చావింట్లో ఉన్నా అదే. అది అబద్ధం కాదు, కృతజ్ఞత. ఊపిరి ఉన్నందుకు చెప్పే మాట. "నొప్పి పదికి ఎంత?" అని అడిగేది. ఉన్న అంకె ఉన్నట్టు ఎలా చెప్తాం, ఇచ్చిన దేవుడి మీద ఫిర్యాదు చేసినట్టుండదూ? "రెండు" అనేదాన్ని. మరీ తక్కువేమో అనిపించిన రోజు "మూడు".

దానికి తోడు ఇంకొకటి జరిగింది. విశాఖపట్నంలో ఆ పిల్ల చెయ్యి పడ్డ మొదటి వారం నిజంగానే కొంచెం తేలికపడింది. ఆ ఆదివారం, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ నేను లేచి నిలబడి, "నా మెడ నొప్పి ప్రభువు తీసేశాడు," అని సంఘమంతటి ముందు చెప్పేశాను. అందరూ స్తోత్రం అన్నారు. సోమవారానికి నొప్పి తిరిగొచ్చింది. చెప్పిన సాక్ష్యం తిరిగి తీసుకోవడం మా సంఘంలో ఎవరూ చేసిన పని కాదు. పెద్దలు మెడ పట్టీ ఏదమ్మా అని అడిగితే, ఇంక అక్కర్లేదండీ అని చెప్పి, మేం గుడి అని పిలుచుకునే చర్చి నుంచి ఇంటికి రాగానే పట్టీ బిగించుకునేదాన్ని.

పాపం ఆ పిల్ల నా మాట నమ్మింది. నాకు రెండే నొప్పి అనుకుని ఒక్కొక్క వ్యాయామమే పెంచుకుంటూ పోయింది. తువ్వాలు తల వెనక వేసి లాగమంది. పది సార్లు అన్నది ఇరవై చేసింది. నేను పళ్ళు బిగించి చేసేదాన్ని. ఐదో వారం వచ్చేసరికి జడ వేసుకోవడానికి చెయ్యి లేవడం మానేసింది. సూదిలో దారం మా ఆయన ఎక్కించి ఇవ్వాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం తువ్వాలు వ్యాయామం అయింది. సెలవు చెప్పుకున్నాం. మా ఆయన ఏదో నొక్కాడు, తెర మీద బొమ్మ పోయింది. బొమ్మ పోయింది కానీ మాట పోలేదని మాకు తెలియదు. నేను మెడ పట్టుకుని కుట్టు బల్ల మీద తల ఆనించి ఏడవడం మొదలుపెట్టాను.

"ఒసే, అంత నొప్పి ఉంటే ఆ డాక్టరమ్మకి సెప్పొచ్చు కదేటి?" అన్నాడు మా ఆయన.

"ఏటని సెప్పను? సంఘమంతా విన్నాది నా సాక్ష్యం. ఆ పిల్ల సూత్తే అంత ఓపిగ్గా నేర్పుతంది. తగ్గలేదంటే దాని మనసు ఏటైపోద్ది?"

"అలాగని సచ్చేదాకా కృప, కృప అంటావేటి?"

"మిషను ఇంక ఎక్కలేనేమోనండీ," అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

అప్పుడు కంప్యూటర్ స్పీకరు డబ్బాలోంచి సన్నగా వినిపించింది. "అక్కా. నేను ఇంకా ఇక్కడే ఉన్నాను."

మా ఆయన గబగబా ఏవేవో నొక్కాడు, బొమ్మ వచ్చింది. ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నా తప్పే అక్కా," అంది. "నా చేతులు అక్కడికి రావు. మీ మాటే నాకు చెయ్యి. మీరు అబద్ధం చెబితే నా చెయ్యి తప్పుచోట పడుతుంది. ఇన్నాళ్ళూ మిమ్మల్ని నేనే నొప్పించాను."

తప్పు తన మీద వేసుకున్న మాటలు నాకు వినపడలేదు. అబద్ధం అన్న ఒక్క మాటే వినపడింది. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. "నేను అబద్ధాలు సెప్పే మనిషిని కాను తల్లీ," అని లేచి వచ్చేశాను. ఆ వారం కంప్యూటర్ ముందు కూర్చోలేదు. తొడుగు వేసేశాను దానికి. ఆరున్నర అయ్యేసరికి మాత్రం చూపు అటే పోయేది.  

ఆ శనివారం నాతవరం నుంచి ఒకావిడ వచ్చింది, నేను మిషను మానకముందు కుట్టి ఉంచిన జాకెట్టు తీసుకెళ్ళడానికి. అలవాటు ప్రకారం లోపలికి పంపి తొడుక్కోమన్నాను. బయటికొచ్చి, "శానా బాగుందమ్మా," అంది. చంక దగ్గర గుడ్డ ముడత పడి లాగుతున్నట్టు నాకు ఇక్కడికే కనిపిస్తోంది.

"పట్టలేదా?"

"లేదమ్మా, బాగుంది."

నాకు ఒళ్ళు మండింది. "నోరు లేదేటే నీకు? ఎక్కడ పట్టిందో నువ్వు సెప్పకపోతే నాకెలా తెలుత్తాది? నీ ఒంట్లో నేనున్నానేటి?"

ఆవిడ బెదిరిపోయి, "మీరింత మెడ నొప్పితో కూడా కుట్టేరు కదమ్మా, ఎలా సెప్పేదని..." అని నసిగింది. నేను బల్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాను. నవ్వితే మెడ లాగింది, అయినా ఆపుకోలేకపోయాను. వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాచకూడదని పెద్దవాళ్ళు అంటారు. టైలరు దగ్గర దాచకూడదని నేనే అంటాను. అంత తెలిసినదాన్ని నెలన్నరపాటు ఏం చేశాను? ఆవిడ జాకెట్టు విప్పించుకుని పక్కన పెట్టాను. సాయంత్రం మా ఆయన బస్సు దిగి వచ్చేసరికి కంప్యూటర్ తొడుగు తీసి ఉంది.

తెరలో ఆ పిల్ల కనిపించగానే, ప్రార్థన కూడా కాకముందే చెప్పేశాను. "పదికి ఎనిమిది తల్లీ. కంప్యూటర్ వైద్యం మొదటిరోజు నుంచీ ఏడుకి తగ్గలేదు. సెయ్యి లేవడం లేదు. రెండు వేళ్ళు నావి కావు."

తిడుతుందనుకున్నాను. ఆ పిల్ల పాత నోటుబుక్కు ఒకటి తెరకి చూపించి, అందులో నా పేజీలన్నీ ఒక్కొక్కటే అడ్డంగా కొట్టేసింది. "మళ్ళీ మొదటి నుంచి," అంది. అంతే. ఎంతో శ్రద్ధగా రాసుకున్న పని కుట్టుకి కుట్టు విప్పుకుని మళ్ళీ కూర్చోవడం ఎంత కష్టమో నా వృత్తిలో నాకు తెలుసు. ఆ వయసులో నేనైతే కత్తెర విసిరేసేదాన్ని. ఆ పిల్ల ఒక్క మాట విసరలేదు. ఆ రోజు ఆమె మీద కలిగిన గౌరవం ఇవాళ్టికీ తగ్గలేదు.

తరవాత తను చేసిన పని ఇంకా గొప్పది. "ఇకమీదట ఎలా ఉందని మిమ్మల్ని అడగను అక్కా. అడిగితే మీకు కృప గుర్తొస్తుంది," అని నవ్వింది. "మీ వెనక గోడకి అవేంటి?"

"దారం రీళ్ళు."

నా వెనక గోడకి, నా వీపు దగ్గర నుంచి కుడి మూల దాకా చెక్క రాక్ ఉంటుంది. మేకులకి రీళ్ళు గుచ్చి రంగుల వారీగా పెట్టుకుంటాను. వీపు వెనక కొసన నలుపు, కుడి మూల కొసన తెలుపు. భుజాలు కదపకుండా తల ఒక్కటే కుడివైపు తిప్పమంది. "ఏ రంగు దాకా కనిపిస్తోంది?"

తిప్పాను. గోడ మలుపు దగ్గర రాక్ మొదలయ్యే చోటు దాటి చూపు పోలేదు. "ఆ పక్క కొసనున్న తెలుపూ, దాని పక్కన గంధం రంగూ. అంతే."

"రాసుకున్నాను. గంధం."

దానికి అబద్ధం చెప్పడం నా వల్ల కాదు. కనిపించని రంగుని కనిపించిందని ఏ టైలరు చెప్పగలదు? వారానికి రెండుసార్లు అదే ప్రశ్న. "ఈ రోజు ఏ రంగు దాకా?" రెండు వారాలపాటు గంధం దగ్గరే ఆగిపోయాను. మూడో వారం మెంతి రంగు కనిపించింది. అది కనిపించిన సాయంత్రం వంటింట్లో ఉన్న మా ఆయన్ని కేకేసి పిలిచాను. తరవాత మిరపపండు. తరవాత రాణీ రంగు. ఒకోసారి వెనక్కి కూడా పోయేదాన్ని, ముసురు పట్టిన వారం మళ్ళీ మెంతికి వచ్చేశాను. ఆ పిల్ల మెంతి అనే రాసుకుంది. మొహం చిన్నబుచ్చుకోలేదు. మా రంగులు ఆ పిల్లకి సగం తెలియవు. "నెమలికంఠం అంటే నీలమా, పచ్చా?" అని అడిగేది. చూస్తే తెలుస్తుందమ్మా, నేను చూసిన రోజు నీకు చూపిస్తాను అనేదాన్ని.

నా మిషను కూడా చూపించమంది. మా ఆయన కెమెరా తీగ లాగినంత మేర లాగి చూపించాడు. నేను ఊరికే తొక్కి చూపిస్తుంటే పక్క నుంచి చాలాసేపు చూసింది. చూసి, మిషను వెనక కాళ్ళ కింద రెండు చెక్కముక్కలు పెట్టమంది. బల్ల నా వైపు వాలి, కుట్టే చోటు నాకే ఎదురొచ్చింది. పాతికేళ్ళుగా నేను దాని దగ్గరికి వంగాను, అది నా దగ్గరికి రావచ్చని నాకు తోచనే లేదు. లేసు కుట్టేటప్పుడు ఒళ్ళో రెండు తలగడలు పెట్టుకుని గుడ్డ పైకి తెచ్చుకోమంది. జాకెట్టు ఒక్కో చెయ్యి కుట్టాక లేచి నాలుగడుగులు వెయ్యాలంది. మానెయ్యమని మాత్రం ఒక్కసారీ అనలేదు. చదువుకున్నవాళ్ళలో నాకు ఆ మాట చెప్పనిది ఆ పిల్ల ఒక్కతే.

గుడిలో కూడా ఒక పని మిగిలి ఉంది. ఒక ఆదివారం సాక్ష్యాల వేళ మెడకి పట్టీతోనే లేచి, "పోయినసారి తొందరపడ్డాను. నొప్పి ఇంకా ఉంది. ప్రార్థన చెయ్యండి," అని కూర్చున్నాను. ఆరాధన అయ్యాక ముందు వరసలో కూర్చునే పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని చెట్టు కిందికి తీసుకెళ్ళి, "నా మోకాలు కూడా తగ్గలేదే, సెప్పలేదు ఎవరికీ," అంది. ఆవిడ వెనక ఇంకొకావిడ నడుము. మా ఆయన దూరం నుంచి చూసి, "గుడి కాడ ఓపీ తెరిసేవేటే?" అని ఏడిపించాడు.

మళ్ళీ చెరకు బళ్ళు తిరిగే వేళకి నెమలికంఠం కనిపించింది. ఇంకా దాని అవతల చిలకపచ్చ, వంకాయ రంగు, నలుపు మిగిలే ఉన్నాయి. అవి ఇప్పటికీ కనిపించవు, కనిపించవని ఆ పిల్ల ముందే చెప్పింది. కానీ వేళ్ళకి సూది తెలిసింది. రీలు తీసి కెమెరా ముందు పెట్టి, "ఇదిగో నెమలికంఠం," అన్నాను. తెరలో చప్పట్లు కొట్టింది. బొమ్మ అక్కడే ఆగిపోయింది, రెండు చేతులూ కలిసి. నేను ఆ ఆగిపోయిన బొమ్మని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

నేను మిషనెక్కి మొదట నాతవరం ఆవిడ జాకెట్టు సరిచేశాను. ఆ తరవాత కుట్టింది ఆ పిల్లకే. ఆమె మరిది పెళ్ళి దగ్గరపడింది, పూనాలో జాకెట్టు కుట్టేవాళ్ళు నచ్చలేదంది. నెమలికంఠం పట్టు ముక్క కొరియర్లో పంపించింది. కొలతలు ఎలా? మా ఆయన్ని గదిలోంచి పంపించి తలుపు వేశాను. టేపు పట్టుకోమన్నాను. "చంక కింద నుంచి తిప్పు. బిగించకు. వేలు దూరేంత వదులు. ఊపిరి పీల్చుకుని ఉండకు, వదిలెయ్." నా చేతులు అక్కడికి వెళ్ళవు. ఆ పిల్ల చెప్పే అంకెలే నాకు చేతులు. అలా కూర్చుని రాసుకుంటుంటే, నెలల తరబడి ఆమె నన్ను ఎంత నమ్మాల్సి వచ్చిందో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

జాకెట్టు చేరిన సాయంత్రం తొడుక్కుని కెమెరా ముందుకొచ్చింది. ఆ రంగు ఆ పిల్లకి ఎంత నప్పిందో చెప్పలేను.

"చాలా బాగుంది అక్కా! సరిగ్గా సరిపోయింది."

"సేతులు ఎత్తు," అన్నాను.

ఎత్తింది. సగంలో చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"పట్టిందా?"

"లేదక్కా... కొంచెం. ఏం ఫరవాలేదు, మీరు ఇంత కష్టపడి..."

"కొంచెం అంటే ఎంత?" అన్నాను. "పదికి?"

ఆ పిల్ల నా వైపు చూసింది. చేతులు ఇంకా పైకే ఉన్నాయి. కళ్ళనిండా నీళ్ళతో నవ్వింది.

"ఆరు అక్కా. కుడి చంక."

"అలా సెప్పు," అన్నాను. "లోపల అరంగుళం గుడ్డ వదిలే కుట్టేను. వెనక్కి పంపించు, విప్పి కుడతాను."